టబెయా పెద్దమ్మ పావు చుట్టు

టబెయా పెద్దమ్మకు వంకర అంటే గిట్టదు. ఎవరింటికి వెళ్ళినా ముందు గోడల వంక చూస్తుంది. పటం ఒక పక్కకి ఒరిగి ఉంటే ఇంటివాళ్ళు కుర్చీ చూపిస్తున్నా కూర్చోదు. దాన్ని సరిచేసి, ఒకడుగు వెనక్కి వేసి చూసుకుని, అప్పుడు కూర్చుని టీ అడుగుతుంది. మా వంటింట్లో మా అమ్మ పటం ఉంది. మేకు వదులు. తలుపు గట్టిగా వేసినప్పుడల్లా ఒరుగుతుంది. మా అమ్మకి ఆమె సొంత అక్క. వచ్చినప్పుడల్లా చెల్లెల్ని నిటారుగా నిలబెట్టి, బతికున్నప్పుడూ ఇంతే, ఒక్క పూటైనా సరిగ్గా నిలబడి ఎరగదు అని గొణుక్కుంటుంది.

సీలు తోలుతో బూట్లు కుట్టడంలో ఈ లాబ్రడార్ తీరం మొత్తం మీద ఆమెని మించినవాళ్ళు లేరు. కుట్టు మీద దారం ఆనించి చూస్తే దారమే సిగ్గుపడాలి. అలాంటి మనిషికి దేవుడు రెనాటస్ పెద్దనాన్నని జతచేశాడు. దేవుడికి అప్పుడప్పుడూ ఇలాంటి సరదాలు పుడుతుంటాయి.

పెద్దనాన్న చెడ్డవాడు కాడు. ఆయన్ని చెడ్డవాడన్నవాళ్ళతో నేను మాట్లాడను. కానీ ఆయన పని తోలడం వరకే. కుక్కల బండి తోలాడు, పడవ తోలాడు, స్నోమొబైల్ వచ్చాక అదీ తోలాడు. ఏది ఆగిపోయినా దిగి, చేతులు వెనక్కి కట్టుకుని, భార్య వైపు చూసేవాడు. ఆమె పానా పట్టుకునేది. తోలడానికి నేను, బాగుచెయ్యడానికి తను, ఇంకేం కావాలి సంసారానికి అని ఆయన అనేవాడు. ఆయన జన్మలో ఒక నట్టు తిప్పిన పాపాన పోలేదని ఊరంతటికీ తెలుసు.

పెద్దమ్మకి ఆ విద్య వాళ్ళ నాన్న ఇల్లు పెట్టిన భిక్ష. మా తాతకి కొడుకులు లేరు. కుక్కల జీనుల తోళ్ళు కోయడం, కుట్టడం పెద్ద కూతురికి నేర్పాడు. తర్వాత కుక్కలు పోయి మొదటి స్నోమొబైల్ బండి ఇంటికి వచ్చినప్పుడు తాత దానికి నమస్కారం పెట్టినంత పని చేసి దూరంగా నిలబడ్డాడట. ఈమె వెళ్ళి మూత ఎత్తింది. అప్పట్నుంచి ఆ మూత దించలేదనే చెప్పాలి. ఇంటి వెనక ఆమెకొక రేకుల కొట్టు ఉంది. ఒక పక్క చట్రాలకి బిగించిన తోళ్ళు ఆరుతుంటాయి, ఇంకో పక్క ఎవరిదో ఒకరి బండి పొట్ట తెరుచుకుని ఉంటుంది. కొట్టులోకి వెళ్తే సీలు కొవ్వు వాసన, గ్రీజు వాసన కలిసి కొడతాయి. నాకు అది చిన్నప్పటి వాసన. ఇష్టం.

మంచు పడకముందే ఊళ్ళో బండ్లన్నీ ఒక్కొక్కటీ ఆమె చేతి కిందకి రావాల్సిందే. ఇంజను సంగతి మగాళ్ళు చూసుకోగలరు, స్టీరింగు సంగతి వాళ్ళకి ఓపిక ఉండదు అని ఆమె గట్టి నమ్మకం. బండి ముక్కు ఎత్తి చేపల పెట్టె మీద పెడుతుంది. చక్రాలకి బదులు ముందుండే రెండు స్కీ పలకల్లో ఒకదాని కొన పట్టుకుని అటూ ఇటూ ఊపి, తల వంచి వింటుంది. టక్కుమంటే లోపల బాల్ జాయింటు అరిగిందన్నమాట. గ్రీజు గన్ను పెట్టి నల్లటి పాత గ్రీజు బయటికి వచ్చేదాకా నొక్కుతుంది, కొత్తది కనిపించాక ఆపుతుంది. తర్వాత హ్యాండిల్ని నిటారుగా పెట్టి తాడుతో సీటుకి కడుతుంది. రెండు స్కీల కొనల్నీ రబ్బరు తాడుతో బిగిస్తుంది, వదులు ఏమైనా ఉంటే లాక్కుపోవాలని. ఆపైన ఒక పుల్ల తీసుకుని స్కీల మధ్య వెనక ఎంత ఎడం ఉందో గాటు పెట్టి, అదే పుల్ల ముందు పెట్టి చూస్తుంది. ముందు ఎడం వెనకదాని కన్నా బొటనవేలి గోరంత ఎక్కువ ఉండాలి. లేకపోతే రెండు స్కీలూ దారి పొడుగునా తోడికోడళ్ళలా ఒకదాన్నొకటి తోసుకుంటాయని చెబుతుంది.

అన్నీ అయ్యాక రాడ్లకి లాక్ నట్లు బిగిస్తుంది. ఆ బిగింపు దగ్గర ఆమెకొక సామెత ఉంది, సొంతంగా కట్టింది. నట్టు బిగించకుండా టీకి లేచినవాడు మంచు మీద మళ్ళీ లేవడు. ఊళ్ళో ఈ మాట వినని చెవి లేదు. పెద్దనాన్న అయితే నిద్రలో కూడా అప్పజెప్పగలడు.

ఇంతమంది బండ్లు సూటిగా నడిపించిన మనిషి ముంగిట్లోనే ఊరు మొత్తానికీ వంకర బండి ఒకటి ఉండేది. అది ఆయనదే.

చాలా శీతాకాలాల కిందట పెద్దనాన్న మంచుకోళ్ళ వేటలో పడి, మంచు కింద దాక్కున్న బండరాయిని గుద్దాడు. మనిషికి ఏమీ కాలేదు. స్కీలని తిప్పే టై రాడ్ వంగింది. అప్పట్నుంచి ఆ బండి ఎడమకి లాగేది. సూటిగా పోవాలంటే హ్యాండిల్ని ఎప్పుడూ కాస్త కుడికి తిప్పి పట్టుకోవాలి. పెద్దమ్మ మర్నాడే పానా తెచ్చింది. కొరికే చలి, తర్వాత చూద్దాం అన్నాడాయన. తర్వాత చేపల కాలం వచ్చింది. మళ్ళీ మంచు పడేసరికి ఆయన చేతులు ఆ వంకరకి అలవాటుపడిపోయాయి. ఇక ముట్టుకోనిస్తే ఒట్టు. బండికి నేను అలవాటు, నాకు బండి అలవాటు, మధ్యలో నీకేంటి అని అడ్డుపడేవాడు. ఊళ్ళోవాళ్ళు ఆ బండికి కుక్క తోక అని పేరు పెట్టారు. అది ఎదురొస్తుంటే ఎటు తప్పుకోవాలో తెలియక చావొస్తోందని చర్చి బ్యాండు పెద్ద బోయజ్ అందరి ముందూ ఏడిపించేవాడు. పెద్దమ్మ మాత్రం పళ్ళ బిగువున ఓర్చుకుంది. రోజూ పొద్దున్నే కిటికీలోంచి ఆ వంకర హ్యాండిల్ని చూస్తూ టీ తాగడం ఆమెకి ఎంత కష్టమో నాకు తెలుసు. కాపురం అన్నాక ఒకటి రెండు పటాలు ఒరిగే ఉంటాయి.

ఈ శీతాకాలం మాత్రం ఓర్చుకోలేకపోయింది. దానికి కారణం ఆయన భుజం.

ఈస్టర్ నాడు తెల్లవారకముందే మా ఊరి బ్యాండు సమాధుల దగ్గరికి వెళ్ళి, సూర్యుడు పైకి వచ్చే వేళకి బూరలు ఊదుతుంది. పెద్ద బూర పెద్దనాన్నది. అంతకు ముందు అది వాళ్ళ నాన్నది. అది ఎత్తి పట్టుకుని ఊదాలి, ఒళ్ళో పెట్టుకుని ఊదితే కుదరదు. ఈ ఏడు సాధన మొదలైన రోజు ఆయన కుడి చెయ్యి సగం దాకా లేచి ఆగిపోయింది. బోయజ్ మంచివాడు, కుర్చీ వేసి కూర్చోమన్నాడు. పెద్దనాన్న ఇంటికి వచ్చి అన్నం ముట్టకుండా గోడ వైపు తిరిగి పడుకున్నాడట. నర్సు దగ్గరికి తీసుకెళ్తే, ఈ చేత్తో రోజంతా ఏం పని చేస్తారు అని అడిగింది. ఏమీ చెయ్యను అన్నాడు. పక్కన కూర్చున్న పెద్దమ్మకి కళ్ళముందు వంకర హ్యాండిల్ కనిపించింది. కట్టెల బండిని వెనక తగిలించుకుని, కుడి చేత్తో లాగి లాగి పట్టుకుని ఇన్ని శీతాకాలాలు తిరిగిన మనిషికి భుజం పట్టెయ్యక ఏమవుతుంది.

మళ్ళీ సాధన ఉన్న సాయంత్రం ఆయన చర్చి మలుపు తిరిగే వరకు కిటికీ దగ్గర నిలబడి, తిరగ్గానే కొట్టులోకి బండి తోసింది. నేను దీపం పట్టుకున్నాను. పాడుబడిన బండి ఒకదాంట్లోంచి విప్పిన మంచి టై రాడ్ ఆమె దగ్గర ఎప్పట్నుంచో ఉంది, నూనె గుడ్డలో చుట్టి, పెళ్ళి చీర దాచినంత భద్రంగా. వంగినది తీసేసి ఇది వేసింది. ఒక స్కీ కింది ఇనప పట్టీ ఒక పక్కే అరిగిపోతే అదీ మార్చింది. హ్యాండిల్ కింద నుంచి స్కీల దాకా వెళ్ళే పొడుగు రాడ్ ఉంటుంది. దానికి ఒక చివర మామూలు మర, రెండో చివర తిరగేసిన మర. రాడ్‌ని ఒక పక్కకి తిప్పితే పొడుగవుతుంది, ఇంకో పక్కకి తిప్పితే పొట్టిదవుతుంది. హ్యాండిల్ నిటారుగా కూర్చునేదాకా దాన్ని తిప్పి, నట్లు బిగించింది. ఇంటి చుట్టూ ఒక చుట్టు తోలింది. మధ్యలో రెండు చేతులూ వదిలేసింది. బండి గీత గీసినట్టు పోయింది. ఆ తర్వాత మా ఇంటికి వచ్చి, టీ తాగుతూ తనలో తను నవ్వుకుంటూ కూర్చుంది. ఆ పూట మా అమ్మ పటం ఒరిగే ఉంది. ఆమె చూడనే లేదు.

ఆయనకి చెబుతావా అని అడిగాను. చెబితే మళ్ళీ వంచమంటాడు, రేపు అడవికి వెళ్ళినప్పుడు తనే తెలుసుకుంటాడులే అంది.

మర్నాడు పొద్దున్న ఆకాశం అద్దంలా ఉంది. పెద్దనాన్న కట్టెలకి బయల్దేరాడు. మా ఊరి నుంచి అడవికి వెళ్ళాలంటే గడ్డకట్టిన అఖాతం దాటాలి. మధ్యలో ఒక చోట దీవికీ నేలకీ నడుమ సన్నటి సందు ఉంది. దాన్ని మేం గలగల అంటాం. అక్కడ ప్రవాహం ఎంత జోరంటే ఎంతటి చలిలోనైనా కింద నీళ్ళు గలగలమంటూనే ఉంటాయి, పైన మంచు పేరుకే ఉంటుంది. ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు అది కుడి చేతి వైపు ఉంటుంది. అందుకే దారి పొడుగునా మంచులో చిన్న చెట్లు నరికి పాతుకుంటూ పోతాం, ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి చూసుకుంటూ రావచ్చని. కిందటి మంచు తుపానుకి నడిమి భాగంలో చెట్లు కొట్టుకుపోయాయి. శనివారం అందరూ కలిసి మళ్ళీ పాతాలని అనుకున్నారు. అది ఇంకా గురువారమే.

మా ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ రేడియో సెట్టు పొద్దంతా మోగుతూ ఉంటుంది. ఒకరు మాట్లాడితే అందరూ వింటారు, అడక్కపోయినా అందరూ జవాబు చెబుతారు. పెద్దనాన్న అడవి అంచుకి చేరగానే గొంతు వినిపించింది.

"టబెయా, నా బండిని ఏం చేశావే? ఊరికే కుడికి పోతోంది."

"బండి సూటిగానే ఉంది. నీ చేతులే వంకర."

అఖాతం అంతా నవ్వింది. పెద్దమ్మకి వరసకి తమ్ముడు, బోయజ్ ఊరుకుంటాడా, "బావా, ఇన్నేళ్ళకి మా అక్క నిజం చెప్పేసింది" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది అని ఇంకెవరో అందుకున్నారు. పెద్దనాన్న కూడా నవ్వాడు. ఇన్నాళ్ళూ చేతులే తోలేవి, ఇవాళ కళ్ళు పెట్టుకుని తోలాల్సి వచ్చింది, ముసలివాడికి కొత్త పని అన్నాడు. భుజం ఎలా ఉందని పెద్దమ్మ అడగలేదు. ఊరంతా వింటుంటే అడగదు. కానీ ఆయన అంతటితో ఊరుకోకుండా చెయ్యి తేలిగ్గా ఉందని చిన్నగా చెప్పాడు. ఆమె మొహం చూడాలి ఆ నిమిషంలో.

మధ్యాహ్నం నేను కొట్టులో తోలు సాగదీయడానికి సాయం పడుతున్నాను. కట్టెలు ఎత్తాను, బయల్దేరుతున్నాను, చార్ చేప ఉడకేసి ఉంచు అని రేడియోలో పెద్దనాన్న మాట వచ్చింది. ఆమె సరేనంది. ఇంకాసేపటికి సముద్రం వైపు నుంచి గాలి తిరిగింది. కిటికీలో మొదట దీవి మాయమైంది, తర్వాత చర్చి, తర్వాత మా ఇల్లు. దీన్ని మేం తెల్లచీకటి అంటాం. నేల తెలుపు, ఆకాశం తెలుపు, మధ్యలో మనిషికి తన చేతి తొడుగు కూడా కనిపించదు. చెంప మీద గాలి ఎటు నుంచి తగులుతోందో చూసుకుని, చేతులు ఎటు పోనిస్తే అటు పోవాలి.

పెద్దమ్మ కంగారు పడలేదు. ఆయన ఇలాంటివి ఎన్ని చూశాడో లెక్కలేదు. నేనే ఊరికే ఉండలేక, ధైర్యం చెబుదామని నోరు తెరిచాను.

"పెద్దనాన్న చేతులకి దారి తెలుసు కదా పెద్దమ్మా."

ఆమె చేతిలో సూది తోలులో సగం దిగి ఆగిపోయింది.

"ఏ చేతులకి?" అంది.

అప్పుడు నాకు కూడా అర్థమైంది. పొద్దున్న కళ్ళు ఉన్నాయి కాబట్టి సరిదిద్దుకుంటూ వెళ్ళాడు. ఇప్పుడు కళ్ళు లేవు. ఆయన చేతులు అలవాటు ప్రకారం హ్యాండిల్ని కుడికి తిప్పి పట్టుకుంటాయి, అదే సూటి అనుకుంటాయి. బండి మాత్రం చెప్పినట్టు వింటుంది, కుడికే పోతుంది. కుడి పక్కన గలగల ఉంది.

రేడియో దగ్గరికి పరిగెత్తాం. ఎంత పిలిచినా పలకలేదు. చలికి బ్యాటరీ చచ్చిపోతుందని ఆయన సెట్టు కోటు లోపల గుండెల దగ్గర పెట్టుకుంటాడు, ఇంజను మోతలో వినపడదు. మా పిలుపు విని బోయజ్, ఇంకో నలుగురు ఒడ్డుకి వచ్చారు. ఎవరి మొహం ఎవరికీ కనిపించడంలేదు, గొంతులే. పెద్దమ్మ జరిగింది చెప్పింది. ఒక్కరూ నవ్వలేదు. ఇప్పుడు బయల్దేరితే వెతికేవాళ్ళని కూడా వెతుక్కోవాలి, గాలి కాస్త తెరిపి ఇవ్వగానే వెళ్దాం, ఈలోగా గంట కొట్టిద్దాం అన్నాడు బోయజ్. ఎవరో చర్చికి వెళ్ళారు. గంట మోగడం మొదలైంది. ఆ గాలిలో అది ఒకసారి ముందు నుంచి, ఒకసారి వెనక నుంచి వినిపించింది.

పెద్దమ్మ తన బండి మీది గుడ్డ లాగేసి ఎక్కి కూర్చుంది. నేను స్కీల ముందు నిలబడ్డాను. ఆమెతో అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు. నువ్వెళ్తే నన్ను తొక్కుకుని వెళ్ళు అన్నాను. ఆమె ఇంజను వెయ్యలేదు. హ్యాండిల్ పట్టుకుని అలా కూర్చుండిపోయింది. కనురెప్పల మీద మంచు కట్టింది, తుడుచుకోలేదు.

"వంకర చూడలేక చేశాను సలోమీ. ఆ వంకరే ఇన్నాళ్ళూ ఆయన్ని ఇంటికి తెచ్చింది."

భుజం కోసం చేశావు పెద్దమ్మా అన్నాను. ఆమె విన్నట్టు లేదు. మేలు చెయ్యబోతే కీడు ఎదురవడం లోకంలో ఉన్నదే, కానీ అది మనవాళ్ళకి జరుగుతున్నప్పుడు ఆ మాట ఎందుకూ పనికిరాదు. నాకు దేవుడి మీద కోపం వచ్చింది. సామెతల మీద కూడా కోపం వచ్చింది.

ఎంతసేపు అలా ఉన్నామో తెలియదు. తెల్లచీకటి బూడిద రంగుకి తిరిగింది. గంట కొట్టే మనిషి మారాడు. అప్పుడు బోయజ్ చెయ్యి ఎత్తి అందర్నీ మాట్లాడొద్దన్నాడు. ఇంజను చప్పుడు. దూరంగా, కానీ ఎటూ తిరగకుండా, మా మీదికే వస్తున్నట్టు. పెద్దమ్మ బండి దిగింది. దీపం వెలుగు ఒకటి పసుప్పచ్చగా కనిపించి పెద్దదైంది. పడవలు ఎక్కించే రేవు దగ్గరికి, ఒక్క అడుగు అటూ ఇటూ కాకుండా, కుక్క తోక వచ్చి ఆగింది. వెనక కట్టెలు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. పైన పెద్దనాన్న, గడ్డం నిండా మంచుతో.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఎవరో గట్టిగా ఏడ్చారు, తీరా చూస్తే బోయజ్. పెద్దమ్మ మాత్రం ఆయన దగ్గరికి వెళ్ళి ముందు మొహం తడిమి చూసింది, తర్వాత చేతులు, తర్వాత బండి వంక చూసింది. హ్యాండిల్ కుడికి తిరిగి ఉంది. స్కీలు సూటిగా ఉన్నాయి.

"ఎక్కడ గుద్దావు?"

"గుద్దలేదు. తిప్పాను."

ఆ మాటకి ఊరు ఊరంతా కట్టెల బండి చుట్టూ మూగింది. లోపలికి రమ్మన్నా రాకుండా అక్కడే నిలబెట్టి చెప్పించుకున్నారు.

పాతిన చెట్లు అయిపోయేదాకా బాగానే వచ్చాడట. ఆ తర్వాత ఎప్పటిలాగే గాలి చెంపకి ఆనించుకుని, చేతులకి వదిలేశాడు. కాసేపటికి గలగల చప్పుడు వినిపించింది. అది ఎప్పుడూ కుడి చెవిలో వినపడాలి. ఇవాళ రెండు చెవుల్లోనూ వినపడింది, అంటే ఎదురుగా. బండి ఆపి, గునపం తీసుకుని పొడుచుకుంటూ ముందుకి నడిచాడు. కొన్ని అడుగులు వేశాడో లేదో గునపం దిగిపోయింది, నీళ్ళు పైకి వచ్చాయి. బండి ఇంకాస్త పోయి ఉంటే ఇక చెప్పడానికి ఆయన ఉండేవాడు కాదు. అక్కడే మంచు మీద చతికిలబడి, నేను సూటిగానే వచ్చానే అని తనలో తను అనుకున్నాడట. అప్పుడు పొద్దున్న భార్య అన్న మాట గుర్తొచ్చింది. బండి సూటిగానే ఉంది, నీ చేతులే వంకర.

తన జాడ గాలికి చెరిగిపోకముందే దాన్ని పట్టుకుని ఆఖరి చెట్టు దాకా వెనక్కి వెళ్ళాడు. కట్టెల చాటున బండి నిలిపాడు. సీటు కింద పెద్దమ్మ ఎప్పుడూ పెట్టే పానా గుడ్డలో చుట్టి ఉంది. దాన్ని ఆయన ఇన్నేళ్ళలో ముట్టుకోలేదు. మూత ఎత్తి, మోకాళ్ళ మీద కూర్చుని, పొడుగు రాడ్ నట్లు వదులు చేశాడు. ఒక నట్టు ఎంత తిప్పినా ఇంకా బిగుసుకుంటోందట, దాన్నీ దాన్ని చేసినవాణ్ణీ తిట్టాడు. అది తిరగేసిన మర అని పెద్దమ్మ వెయ్యిసార్లు చెప్పిన మాట తర్వాత గుర్తొచ్చింది. స్కీల్ని సూటిగా ఉంచి, చేతులకి ఎక్కడ హాయిగా ఉంటుందో అక్కడికి హ్యాండిల్ వచ్చేదాకా రాడ్ తిప్పాడు. చెయ్యి చలికి కొయ్యబారిపోతోంది, ఇక చాలు పోదాం అనుకున్నాడు. అప్పుడు సామెత వినిపించిందట, చెవి పక్కన ఆమె నిలబడి చెప్పినట్టు. మళ్ళీ కూర్చుని రెండు నట్లూ బిగించాడు. ఆ తర్వాత చేతులకి వదిలేస్తే చేతులే తెచ్చాయి.

పెద్దమ్మ మూత ఎత్తి, చేతి తొడుగు విప్పి, వేలితో ఆ నట్లు పట్టి చూసింది. కదల్లేదు.

"బాగా బిగించావు" అంది. అప్పుడు ఏడ్చింది. బండి మూత మీద తల పెట్టుకుని, దాని మీది మంచు రాలేలా ఏడ్చింది. పెద్దనాన్న ఆమె వీపు మీద చెయ్యి వేసి, ఊరుకోవే, మొదటిసారి చేశాను కదా, ఇంతకన్నా బాగా ఎలా వస్తుంది అన్నాడు. ఏడుస్తున్నదల్లా నవ్వింది. మేమందరం నవ్వాం. అంత హాయిగా నేను నవ్వి చాలా రోజులైంది.

ఉడికిన చేప ముందు కూర్చున్నాక అసలు మాట వచ్చింది. నేనక్కడే ఉన్నాను, లేచి వెళ్ళాలని అనిపించినా వెళ్ళలేదు.

"నాకు చెప్పి చెయ్యొచ్చుగా."

"చెప్తే ఒప్పుకుంటావా?"

"ఒప్పుకోను."

"మరి?"

"అయినా చెప్పు."

పెద్దమ్మ చాలాసేపు చేప ముళ్ళు ఏరింది. తర్వాత, సరే చెప్తాను అంది.

మర్నాటి నుంచి ఊరికి కొత్త వేడుక మొదలైంది. పెద్దనాన్న బండి తీసే ముందు పెద్దమ్మ మూత ఎత్తి, పొడుగు రాడ్‌ని పావు చుట్టు తిప్పి, నట్టు బిగించి, లోపలికి వచ్చి రేడియో అందుకునేది. రెనాటస్, పావు చుట్టు తిప్పాను, విన్నావా అనేది. ఆయన పక్క గదిలోనే ఉండేవాడు. అయినా రేడియోలోనే విన్నాను అనేవాడు. మిగతా ఇళ్ళవాళ్ళు కూడా విన్నాం విన్నాం అనేవాళ్ళు. ఆ పావుకి చేతులు అలవాటుపడ్డాయని ఆయన నోటితో చెప్పేదాకా ఆమె రెండో పావు జోలికి వెళ్ళలేదు. గాలి పెట్టిన రోజు అసలు ముట్టుకోలేదు. అన్నట్టుగానే శనివారం అందరూ వెళ్ళి చెట్లు పాతి వచ్చారు. ఇన్నేళ్ళ వంకర అలా నెమ్మదిగా, ఆ చేతులకి నొప్పి తెలియకుండా, వాటి అనుమతితో తగ్గుతూ వచ్చింది. సాధనకి వెళ్ళినప్పుడు చెయ్యి కూడా కొంచెం కొంచెంగా పైకి లేవడం మొదలుపెట్టింది. బోయజ్ కుర్చీ తీసేశాడు.

ఈస్టర్ ముందు రోజు రేడియో మోగలేదు. మేమంతా చెవులు రిక్కించుకుని ఉన్నాం. చివరికి పెద్దనాన్నే అడిగాడు.

"టబెయా, ఇంకో పావు మిగిలింది కదా."

"మిగలనీ. ఆ పావు నీదే. ఉంచుకో."

మా ఊరి రేడియో అంత నిశ్శబ్దంగా ఉండడం నేనెప్పుడూ వినలేదు.

తెల్లవారకముందే సమాధుల దగ్గర నిలబడ్డాం. కొండ అంచు ఎర్రబడగానే బోయజ్ తల ఊపాడు. పెద్దనాన్న బూర ఎత్తాడు. చెయ్యి సగం దాకా వచ్చి, అక్కడ ఆగకుండా, పైకి వెళ్ళింది. పెద్దమ్మ నా ముంజేతిని పట్టుకుంది, గోళ్ళు దిగేంత గట్టిగా. పాట అయ్యాక వదిలింది.

తర్వాత అందరూ టీకి మా ఇంటికి వచ్చారు. ఎవరో తలుపు గట్టిగా వేశారు, అమ్మ పటం ఒరిగింది. పెద్దమ్మ కుర్చీలో కూర్చోబోతూ చూసింది. నేను ఆమెనే గమనిస్తున్నాను. కిటికీలోంచి ఆయన బండి హ్యాండిల్ కనిపిస్తోంది, తెలిసినవాళ్ళకి తప్ప తెలియనంత వంకరతో. ఆమె దాని వంక చూసింది, పటం వంక చూసింది, లేచి వెళ్ళి పటం సరిచేసింది.

దీన్ని మాత్రం వదలవా పెద్దమ్మా అన్నాను.

"ఇది ఎక్కడినుంచీ ఇంటికి రానక్కర్లేదు కదే" అని, ఒకడుగు వెనక్కి వేసి చూసుకుని, టీ అడిగింది.